క్యాన్సర్ మందులు - గర్భనిరోధక మాత్రలు

తిరుత్తణి, తిరువళ్లూరుల నుంచి రైలెక్కి అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కో, సెంట్రల్ స్టేషన్ ఎదుటి ప్రభుత్వ ఆస్పత్రికో వెళ్లేవారు మందుల చీటీలన్నీ డాక్టరుకు చూపిస్తారు. గర్భనిరోధక మాత్రల సంగతి మాత్రం బిడియంతో దాచేవారున్నారు. అది ప్రమాదకరం.

యూనానీలో 'సర్తాన్' అనే ఈ జబ్బులో, రొమ్ముకు వచ్చే రకాలు చాలావరకు ఈస్ట్రోజన్ బలంతో పెరుగుతాయి. టామోక్సిఫెన్ ఆ హార్మోనును రొమ్ములో అడ్డుకుంటుంది. మాలా-ఎన్, మాలా-డి మాత్రల్లో ఉన్నది ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ హార్మోన్లే. కనుక రొమ్ము క్యాన్సర్ ఉన్నవారు వీటిని వాడకూడదు. పైగా ఈ మాత్రలకూ, టామోక్సిఫెన్‌కూ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టించే గుణం ఉంది.

1991లో వచ్చిన సహేలీ (సర్కారు పంపిణీలో ఛాయా) హార్మోను మాత్ర కాదు. అయినా అదీ ఈస్ట్రోజన్ పనిచేసే చోటనే పనిచేస్తుంది. డాక్టరును అడగకుండా వాడవద్దు.

టామోక్సిఫెన్ సాధారణంగా 5 ఏళ్లు, కొందరికి 10 ఏళ్లు ఇస్తారు. దానివల్ల నెలసరి ఆగవచ్చు. అంతమాత్రాన గర్భం రాదనుకోవద్దు. వస్తే కడుపులోని బిడ్డకు హాని.

ఇక రెండవ సంగతి. యూనానీలో జిగర్, అంటే కాలేయం, ప్రధాన అవయవాల్లో ఒకటి. మందులను విరిచి బయటికి పంపేదీ ముఖ్యంగా అదే. కీమోథెరపీలో వాంతులు ఆపడానికి ఇచ్చే అప్రెపిటాంట్ కాలేయాన్ని ఉసిగొల్పి గర్భనిరోధక మాత్రను త్వరగా విరిచేస్తుంది. ఏ క్యాన్సరుకైనా సరే, ఈ మందు తీసుకున్నప్పుడూ, ఆపాక ఒక నెలపాటూ మాత్రను మాత్రమే నమ్ముకోకూడదు. మాత్ర మింగిన వెంటనే వాంతి అయినా అది ఒంటబట్టదు.

మూలికలన్నీ నిరపాయం అనుకోవద్దు. హయూఫారిఖూన్ (సెయింట్ జాన్స్ వర్ట్) కూడా ఇలాగే గర్భనిరోధక మాత్రల బలాన్నీ, ఇమాటినిబ్ వంటి కొన్ని క్యాన్సర్ మందుల బలాన్నీ తగ్గిస్తుంది.

పాటించవలసినవి:

1. హకీం ఇచ్చిన మాజూన్, షర్బత్ సహా వాడేవన్నీ ఒక కాగితంపై రాసి డాక్టరుకు చూపండి.

2. హార్మోన్లు లేని కాపర్-టి మీకు తగునేమో అడగండి. నిరోధ్ వాడటం భర్త బాధ్యత.

3. నెల తప్పితే వెంటనే చెప్పండి. సంతానం కావాలనుకుంటే చికిత్సకు ముందే చెప్పండి.

4. క్యాన్సర్ మందును మీ అంతట మీరు ఆపవద్దు.

డాక్టరుతో చెప్పడానికి బిడియమైతే అక్కడి నర్సమ్మతోనైనా చెప్పండి. దాచిన మాటకు మందు లేదు.