వయాండాట్ కోడిలో గులాబీ తురాయి: చలి రక్షణ, పుంజుల ఫలదీకరణ సామర్థ్యం

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో రూపుదిద్దుకొన్న వయాండాట్ కోడిజాతి 1883లో అక్కడి ప్రామాణిక గ్రంథంలో చోటు పొందింది. మొదట గుర్తింపు పొందినది వెండి అంచు రకం. తెల్లని ఈక చుట్టూ గీసినట్లుండే నల్లని అంచే దీని ప్రత్యేకత. ఈ అలంకారం ఒక్క జన్యువు ఫలితం కాదు. ఈకలో నలుపును ఒక క్రమంలో అమర్చే జన్యువు, నలుపును విస్తరింపజేసే జన్యువు, శరీర మధ్యభాగంలో నలుపును తగ్గించే కొలంబియన్ జన్యువు కలిసినప్పుడే అంచు ఏర్పడుతుంది. ఈకల నేలరంగు వెండిదా, బంగారుదా అన్నది జెడ్ లైంగిక క్రోమోజోముపై గల జన్యువు నిర్ణయిస్తుంది. అందుచేత బంగారు పుంజును వెండి పెట్టతో సంకరపరిస్తే మగపిల్లలు వెండి రంగులో, ఆడపిల్లలు బంగారు రంగులో వస్తాయి.

ఈకల అందం ప్రదర్శనలకు ఉపయోగం. చలిలో జాతిని కాపాడేది మాత్రం తురాయి. ఎత్తైన ఒంటి తురాయి కొనలు గడ్డకట్టే చలికి దెబ్బతింటాయి, అటువంటి పుంజుల ఫలదీకరణ శక్తి కూడా తగ్గుతుంది. వయాండాట్ తురాయి గులాబీ రకం. తలకు అంటుకొని పొట్టిగా ఉండటంతో ఆ ప్రమాదం తక్కువ. (మన వేసవిలో పరిస్థితి తలకిందులు: ఎక్కువ వైశాల్యం గల ఒంటి తురాయి శరీరంలోని వేడిని వెలువరించడానికి తోడ్పడుతుంది.)

గులాబీ తురాయి బహిర్గత లక్షణం. ఏడవ క్రోమోజోములో ఒక పెద్ద ఖండం తిరగబడటమే దీనికి కారణమని 2012లో వెల్లడైంది. ఆ తిరుగుడులో శుక్రకణాల చలనానికి అవసరమైన ఒక జన్యువు కూడా దెబ్బతింటుంది. ఫలితంగా సమయుగ్మజ పుంజులలో ఫలదీకరణ తగ్గుతుంది. విషమయుగ్మజ పుంజులలోను, పెట్టలలోను ఈ లోపం కనబడదు. చలికి రక్షణనిచ్చిన మార్పే సంతానానికి అడ్డు కావడం గమనార్హం.

పెంపకందారు ఎక్కువ పిల్లలనిచ్చే పుంజునే అట్టిపెట్టుకొంటాడు. తెలియకుండానే విషమయుగ్మజాన్ని ఎంచుకొన్నట్లే. అటువంటి పుంజు, పెట్టల జతలో సుమారు నాల్గవ వంతు పిల్లలకు ఒంటి తురాయి వస్తుంది. వాటిని జాతి లోపంగా భావించి ఏరివేస్తూ, తురాయి పూర్తిగా స్థిరపడిన పుంజులనే ఉంచితే మంద శుద్ధమైనట్లు కనిపిస్తుంది, గుడ్లు పొదిగే శాతం మాత్రం తగ్గుతుంది. స్వల్పసంఖ్యలో మిగిలిన వారసత్వ మందలకు ఇది ప్రమాదకరం.

పుంజు జన్యురూపం తెలుసుకొనేందుకు దానిని ఒంటి తురాయి పెట్టతో జతపరచాలి. ఒక్క పిల్లకు ఒంటి తురాయి వచ్చినా పుంజు విషమయుగ్మజమే. పది పిల్లలకూ గులాబీ తురాయే వస్తే, విషమయుగ్మజ పుంజు నుండి అలా జరిగే సంభావ్యత 1/1024 మాత్రమే. ఈ పరీక్ష కోసమైనా మందలో కొన్ని ఒంటి తురాయి పెట్టలను ఉంచుకోవడం అవసరం.