పాళెములో వినబడిన ధ్వని

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 32:15–19, కీర్తన 88, సామెతలు 25:20



మోషేయు యెహోషువయు కొండ దిగి వచ్చుచుండగా క్రింద పాళెములోనుండి గొప్ప కేకలు వారి చెవిని బడెను. యెహోషువ అది యుద్ధమని తలంచెను. మోషే చెవియొగ్గి విని, ఇది గెలిచినవారి అరుపును గాదు, ఓడినవారి ఏడ్పును గాదు, జనులు పాడుచున్నారని గ్రహించెను. ఇద్దరును భక్తిగలవారే. ఇద్దరును ఒకే కొండమీదనుండి ఒకే ధ్వనిని వినిరి. అయినను ఒకని చెవికి అది పోరాటము, మరియొకని చెవికి అది పాట.

మన వీరులపాడు, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు ఇండ్లలోను ఇట్టి భేదము నేడు కలుగుచున్నది. కళాశాలకు పోవు కుమారుడు చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని సెల్‌ఫోనులో ఏదో వినుచుండును. తండ్రి ఒకటి తీసి తన చెవిలో పెట్టుకొనగా, రోటిలో రాళ్లు పోసి దంచినట్లు మోతయు, దయ్యము పట్టినవాడు గుర్రుమనినట్లు గొంతును వినబడును. తండ్రి భయపడును. కుమారుడు, “నీకు తెలియదులే నాన్నా” అని ముఖము త్రిప్పుకొనును. ఆ దినమునుండి ఇద్దరి మధ్య మాటలు తగ్గును. పాట సంగతి అటుంచి, ఈ మాటలు తగ్గుటయే ఇంటికి పెద్ద నష్టము. కాబట్టి ఇట్టి సంగీతమును కొందరేల ప్రేమింతురో, కొందరేల అసహ్యించుకొందురో ఈ నెల పాఠములో నెమ్మదిగా విచారింతము.

1. ఈ సంగీతమేమి?

దీనిని డెత్ మెటల్ అందురు. డెత్ అనగా చావు. ఇది 1980 తరువాతి సంవత్సరములలో అమెరికాలో పుట్టినది. పొసెస్డ్ అను గుంపువారు 1985లో వెలువరించిన రికార్డులో డెత్ మెటల్ అను పేరుగల పాట ఒకటి యున్నది. ఆ రికార్డు పేరు సెవెన్ చర్చెస్, అనగా ఏడు సంఘములు. ప్రకటన గ్రంథము చదువు మనకు ఈ పేరు క్రొత్త కాదు. ఫ్లోరిడా రాష్ట్రములో చక్ షుల్డినర్ అను యువకుడు డెత్ అను పేరుతోనే ఒక గుంపు నడిపి, 1987లో మొదటి రికార్డు తెచ్చెను.

ఇందులో గిటారు తీగలను వదులు చేసి శ్రుతి బాగుగా దించుదురు. విద్యుత్తు ద్వారా ఆ నాదమును గరగరలాడునట్లు చేయుదురు. డ్రమ్ముల దెబ్బలు లెక్కపెట్టలేనంత వేగముగా పడును. పాడువాడు రాగము తీయడు. లోతైన గొంతుతో గుర్రుమనును. మన గొంతులో మాటలాడుటకు ఉపయోగపడు తంత్రులకు పైగా మరియొక జత మడతలు కలవు. సాధారణముగా పాడునప్పుడు అవి పనిచేయవు. ఈ పాటగాండ్రు అభ్యాసముచేత వాటిని కదలించి ఆ ధ్వని పుట్టింతురు. కావున అది దయ్యపు గొంతు కాదు, నేర్చుకొన్న గొంతే. పాటల మాటలు మాత్రము తరచుగా చావు, శవములు, క్రూరకృత్యములను గూర్చియే యుండును.

ఇది మనకు దూరమైన సంగతి యని తలంపవద్దు. మన హైదరాబాదులోనే 2015లో గాడ్‌లెస్ అను డెత్ మెటల్ గుంపు ఏర్పడి, 2016లోను, 2018లోను, 2021లోను రికార్డులు వెలువరించినది. గాడ్‌లెస్ అనగా దేవుడు లేని. మరియొక ప్రక్కన ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 1990లో మోర్టిఫికేషన్ అను గుంపు పుట్టెను. వారు క్రైస్తవులు. అదే గుర్రుమను గొంతుతో, అదే మోతతో క్రీస్తును గూర్చి పాడిరి. మోత ఒక్కటే, మాట వేరు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడి.

2. చెవి ఏల అసహ్యించుకొనును?

ఈ అసహ్యతకు కారణము మన శరీరములోనే కొంత యున్నది. మనుష్యుడు ప్రాణభయముతో కేక వేసినప్పుడు ఆ ధ్వని నున్నగా నుండదు. దాని బిగ్గరతనము ఒక్క సెకనులో సుమారు 30 మొదలు 150 మారులవరకు హెచ్చి తగ్గుచుండును. దీనినే మనము గరుకు గొంతు అందుము. ఇట్టి గరుకు ధ్వని మెదడులో భయమును గుర్తించు భాగమును తట్టి లేపునని 2015లో వెలువడిన ఒక పరిశోధన చూపినది. తల్లి ఎంత గాఢనిద్రలోనున్నను బిడ్డ కేకకు లేచుట మనమెరుగుదుము. గుర్రుమను గొంతులోను గరుకుదనము కలదు. కాబట్టి అలవాటు లేనివాడు దానిని వినగానే ఏదో అపాయము వచ్చినదని అతని దేహమే చెప్పును.

రెండవ కారణము, మాట అర్థము కాకపోవుట. ఆస్ట్రేలియా దేశస్థులైన పరిశోధకులు 2018లో ప్రకటించిన దానినిబట్టి, అలవాటుపడినవారు ఆ గొంతులోని మాటలను ఇతరులకంటె బాగుగా పట్టుకొనగలుగుదురు. తండ్రికి ఉట్టి మోతగా నున్నది కుమారునికి మాటగా నుండవచ్చును. తెలియని భాషలో పలుకువాడు వినువానికి పరదేశిగా నుండునని పౌలు కొరింథీయులకు వ్రాసిన సంగతి ఇక్కడ సరిపోవును.

3. మన డప్పు సంగతి

ఇది అర్థమగుటకు దూరదేశము పోనక్కరలేదు. మన పల్లెలలో చావు జరిగినప్పుడు డప్పు మ్రోగును. తోలును మంటసెగకు కాచి బిగువు తెచ్చి, ఒక చేత సిర్రయు మరొక చేత చిటికెన పుల్లయు పట్టి కొట్టుదురు. చావు దరువు వేరు, పెండ్లి దరువు వేరు. పొలములో నున్న రైతు దూరమునుండి వినియే ఏ దరువో చెప్పగలడు. పట్నమునుండి వచ్చిన చుట్టమునకు రెండును ఒకే మోత. అతడు చెవులు మూసికొనును.

ఈ డప్పు చరిత్ర మన సంఘముల చరిత్రతో కలిసియున్నది. ఒంగోలు ప్రాంతములో 1866 నుండి జాన్ క్లౌ దొరగారు సువార్త పని జరిగించిన కాలమున, క్రొత్తగా విశ్వసించిన మాదిగలు గ్రామదేవతల పండుగలలో డప్పు కొట్టుటకు ఒప్పుకొనలేదు. అందుచేత గ్రామాధికారుల వలన బాధలు పొందిరి. వారు విడిచినది కేవలము ఒక వాయిద్యము కాదు; దానితో ముడిపడిన విగ్రహసేవను, తమపై మోపబడిన వెట్టిని విడిచిరి. అందుకు వారికి గొప్ప ధైర్యము కావలసివచ్చెను. అయితే కాలక్రమమున కొందరు ఆ డప్పు ధ్వనియే పాపమన్నట్లు తలంచిరి. తరువాత 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టి, దండోరా యను పేరుతో ఆ డప్పునే గౌరవచిహ్నముగా ఎత్తి పట్టినది. ఒకనాడు తలవంచుకొని కొట్టిన డప్పును మనుమలు తలయెత్తి కొట్టిరి. నేడు కొన్ని సంఘముల క్రిస్మస్ ఊరేగింపులలోను డప్పు మ్రోగుచున్నది.

తోలు మారలేదు, పుల్ల మారలేదు, మోత మారలేదు. ఎవరు, ఎవరి యెదుట, దేనికొరకు కొట్టుచున్నారన్నది మారినది. కాబట్టి ధ్వనినిబట్టి మాత్రమే తీర్పు తీర్చుట తొందరపాటు.

4. ప్రేమించువారు ఏల ప్రేమింతురు?

ఈ సంగీతమును ప్రేమించువారిని విచారించినప్పుడు, దానివలన తమకు బలము, సంతోషము, కొందరికి నెమ్మదియు కలుగుచున్నదని చెప్పిరి. ప్రేమింపనివారు అదే పాట విని భయము, కోపము, బిగువు కలిగెననిరి. ఇది సిడ్నీ పట్టణములోని మాక్వారీ విశ్వవిద్యాలయమువారు 2018లో ప్రకటించిన సంగతి.

మరియు 2019లో ఆ విశ్వవిద్యాలయమువారే ఇట్టి పాటలను ప్రేమించువారు 32 మందిని, ప్రేమింపనివారు 48 మందిని పరీక్షించిరి. నరమాంస భక్షణను గూర్చిన ఒక డెత్ మెటల్ పాటను, సంతోషమును గూర్చిన ఒక సాధారణమైన పాటను వినిపించుచు, ఒక కంటికి క్రూరమైన చిత్రమును, రెండవ కంటికి సాధువైన చిత్రమును ఒకేసారి చూపిరి. అట్టి సమయమున మనస్సు ఏ చిత్రమును ఎక్కువగా పట్టుకొనునో లెక్కించిరి. అపాయమును గుర్తించుట మన స్వభావము గనుక క్రూరచిత్రమే ముందు మనస్సును లాగును. క్రౌర్యమునకు అలవాటుపడి మొద్దుబారిన మనస్సును అది అంతగా లాగదు. అయితే ఆ సంగీతప్రియుల మనస్సు మొద్దుబారలేదు. ఇతరులవలెనే క్రూరచిత్రమును గుర్తించెను.

క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమువారు 2015లో 18 మొదలు 34 ఏండ్ల వయస్సుగల 39 మందిని, వారికి కోపము తెచ్చిన సంగతులను చెప్పుమని రేపి, తరువాత కొందరిని తమ కిష్టమైన మోతపాటలు విననిచ్చి, కొందరిని మౌనముగా కూర్చుండబెట్టిరి. పాట విన్నవారి కోపము పెరుగలేదు. మౌనముగా నున్నవారివలెనే తగ్గెను. పైగా వారికి ఉత్సాహము కలిగెను.

ఇందులో మనకు పాఠము కలదు. దుఃఖముతో నిండిన హృదయము ఎదుట ఉల్లాసపు పాటలు పాడుట తగదని సామెతలు 25:20 హెచ్చరించుచున్నది. పరీక్ష తప్పిన పిల్లవాడు, పత్తి చేను ఎండి అప్పులో మునిగిన ఇంటి బిడ్డ, లోపల మండుచున్నప్పుడు తియ్యని పాట వానికి పుండుమీద కారమువలె తగులును. తన కోపమంత గరుకుగా నున్న పాట వానికి తోడుగా తోచును. కీర్తనల గ్రంథములోను 88వ కీర్తన చీకటిలోనే మొదలై చీకటిలోనే ముగియుచున్నది. ఆ మొరను దేవుడు తన గ్రంథములోనుండి తీసివేయలేదు.

5. దూడ ఎక్కడ నున్నది?

అట్లని అంతయు మంచిదే యని మేము చెప్పుట లేదు. మోషే పాళెమునకు చేరినప్పుడు అతనికి కోపము రేపినది శబ్దపు బిగ్గరతనము కాదు, బంగారు దూడ. మనము వెదకవలసినదియు దానినే.

పాటలోని మాటలేమి? పరుల బాధను చూచి నవ్వుట నేర్పుచున్నవా? స్త్రీలను హింసించుటను వేడుకగా చెప్పుచున్నవా? వినువాడు విన్న తరువాత ఇంటివారితో కలిసి భోజనము చేయుచున్నాడా, లేక తలుపు వేసికొని ఒంటరియగుచున్నాడా? నిద్ర, చదువు, స్నేహము చెడుచున్నవా? పరిశోధనలు అనేకులను కలిపి చెప్పును. నీ ఇంటి బిడ్డను గూర్చి చెప్పలేవు. చావవలెనని బిడ్డ నోట మాట వచ్చినయెడల, అది పాట సంగతి కాదని గ్రహించి వెంటనే దగ్గర కూర్చుండి, వైద్యుని సహాయము తీసికొనవలెను.

చావును గూర్చి పాడిన చక్ షుల్డినర్ మెదడులోని గడ్డవలన 2001 డిసెంబరులో 34వ ఏట మరణించెను. ఇది ఆయన పాటలకు వచ్చిన శిక్షయని ఎవరును అనవద్దు. అట్టి రోగము కీర్తనలు పాడువారికిని వచ్చును. అయితే పాటలోని చావు వేరు, ఇంటికి వచ్చిన చావు వేరు అని యువజనులు దీనివలన గ్రహింపవలెను.

దూడ మోతపాట యెదుటనే నిలుచునని తలంపరాదు. మధురమైన సినిమా పాటలో దురాశయు, శ్రావ్యమైన గొంతులో గర్వమును దాగియుండవచ్చును. మరియు చెవికి హాని చేయునది శబ్దపు హెచ్చుదలయే. పెద్దవారు 80 డెసిబెళ్ల శబ్దమును వారమునకు 40 గంటలకు మించి వినరాదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణము పెట్టినది. పిల్లలకు అది 75 డెసిబెళ్లే. ఇది ఇయర్‌ఫోనుకే గాక మన మందిరపు మైకుకును, తిరునాళ్ల మైకుకును వర్తించును. పొరుగింటి ముసలమ్మ నిద్రకు మన కీర్తనయు భారము కాకూడదు.

6. కొండ దిగవలెను

యెహోషువ దూరమునుండి విని యుద్ధమనెను. సత్యము తెలియుటకు ఇద్దరును కొండ దిగి పాళెమునకు పోవలసివచ్చెను. తల్లిదండ్రులారా, మీరును దిగుడి. సెల్‌ఫోను లాగికొనుటకు ముందు ప్రక్కన కూర్చుండి, “నాయనా, ఇందులో నీకేమి వినబడుచున్నది? మాటలు నాకు చెప్పు” అని అడుగుడి. సమాధులలో రాత్రింబగళ్లు కేకలు వేసిన మనుష్యుని ఊరివారు సంకెళ్లతో కట్టిరి. యేసు ప్రభువైతే వానితో మాటలాడి పేరు అడిగెను. వాని కేకను మాన్పుటకు సంకెళ్లు చాలలేదు.

యువజనులారా, మీరును తండ్రి భయమును ఎగతాళి చేయవద్దు. ఆయన చెవి అపాయమును గుర్తించునట్లు చేయబడినది. ఆ భయములో మీయెడల ప్రేమ కలదు. మీకు సిగ్గు కలుగకుండ ఏ పాట మాటలను ఆయనకు చదివి వినిపింపగలరో, ఏ పాటవి వినిపింపలేరో మీరే చూచుకొనుడి. వినిపింపలేని పాటను మీ అంతట మీరే విడిచినయెడల, ఎవరును మీ సెల్‌ఫోను లాగికొనవలసిన పని యుండదు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మోషేయు యెహోషువయు ఒకే ధ్వనిని వేరు వేరుగా ఏల గ్రహించిరి?
2. మన పెద్దలు డప్పును విడుచుటలో దేనిని విడిచిరి? దేనిని విడువనక్కర లేకపోయెను?
3. మన ఇంటిలో ఎవరి పాటను మనము వినకయే తీర్పు తీర్చితిమి?
4. ఈ వారము ఎవరి యొద్దకు మనము కొండ దిగి పోవలెను?