రూటర్‌కు పెట్టిన హార్డ్ డిస్క్ కనపడకపోతే

ఇంటి నుంచే లెక్కలు చూసే అకౌంటెంట్లు, పెళ్లి ఫొటోలు ఎడిట్ చేసేవాళ్లు, డీటీపీ పనివాళ్లు చాలామంది రూటర్ వెనక ఉన్న యూఎస్‌బీ పోర్టుకు హార్డ్ డిస్క్ తగిలించి వాడుకుంటున్నారు. ఇంట్లో ఉన్న రెండు మూడు కంప్యూటర్లకూ ఒకే ఫోల్డర్ అందుతుంది, వేరే ఖర్చుండదు. మంచి ఏర్పాటే. కానీ పని గడువు దగ్గరపడ్డ రోజున ఆ ఫోల్డర్ మాయమైతే, కంగారులో డిస్కు పీకి లాప్‌టాప్‌కు పెడతాం. వెంటనే విండోస్ ‘ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా?’ అని అడగవచ్చు. చేయొద్దు. రూటర్ ద్వారా ఫార్మాట్ చేసిన డిస్కు లైనక్స్‌కు చెందిన ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఉండొచ్చు. విండోస్‌కు దాన్ని చదవడం రాదు కాబట్టి అలా అడుగుతుంది. చాలాసార్లు లోపల ఫైళ్లు భద్రంగానే ఉంటాయి.

మొదట అనుమానించాల్సింది కరెంటును. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 పోర్టు 900. జేబులో పట్టే రెండున్నర అంగుళాల డిస్కు తిరగడం మొదలెట్టే క్షణంలో ఒక ఆంపియర్ దాకా లాగగలదు. రూటర్‌తో వచ్చే అడాప్టర్ చిన్నదైతే అది రూటర్‌కే బొటాబొటిగా సరిపోతుంది. డిస్కు దగ్గర చెవి పెట్టి వినండి. తిరగబోయి, టిక్కుమని ఆగి, మళ్లీ తిరగబోతుంటే దానికి కరెంటు చాలడం లేదన్నమాటే కావచ్చు. పెద్ద ఫైలు కాపీ చేసేటప్పుడు రూటరే రీస్టార్ట్ అవుతున్నా అదే అనుమానం. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెడితే చాలావరకు సర్దుకుంటుంది. పొడవాటి సన్న కేబుల్ తీసేసి పొట్టి కేబుల్ పెట్టండి. లాప్‌టాప్‌కు నేరుగా, మంచి కేబుల్‌తో పెట్టినా అదే టిక్కుటిక్కు వినిపిస్తే డిస్కు లోపలి భాగాలే చెడి ఉండొచ్చు. ఇక దాన్ని ఆన్ చేయకుండా డేటా రికవరీ వాళ్లకు ఇవ్వండి. ఆన్ చేసిన ప్రతిసారీ నష్టం పెరిగే ప్రమాదం ఉంది.

ఫైళ్లు తెరుచుకుంటాయి, సేవ్ మాత్రం కావు. ఇది మరో రకం గొడవ. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో రూటర్ ఆగిందంటే, రాస్తున్న ఫైలు సగంలో తెగుతుంది. విండోస్‌కు చెందిన ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉన్న డిస్కు మీద అప్పుడు ‘సరిగ్గా మూయలేదు’ అన్న గుర్తు మిగులుతుంది. దాన్ని చూసి కొన్ని రూటర్లు చదవడం వరకే అనుమతిస్తాయి, కొన్ని డిస్కును అసలు తీసుకోవు. ముఖ్యమైనవన్నీ ముందు వేరే చోటికి కాపీ చేసుకోండి. తర్వాతే విండోస్‌లో డిస్కు ప్రాపర్టీస్, టూల్స్‌లోకి వెళ్లి చెక్ నొక్కండి. రూటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోవడం మంచిదే, అయితే డిస్కు భారం కూడా మోయగలదో లేదో దాని ఆంపియర్లు చూసి కొనండి. డిస్కు తీసే ముందు రూటర్ సెట్టింగ్స్ పేజీలో ‘సేఫ్లీ రిమూవ్’ నొక్కాలి.

పెళ్లి వీడియో కాపీ మధ్యలో ఆగిపోతే డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఉందేమో చూడండి. అందులో ఒక ఫైలు 4 జీబీ దాటి పట్టదు. బదులుగా ఎక్స్‌ఫ్యాట్‌కు మారదామంటే, దాన్ని చదవడం పాత రూటర్లలో చాలావాటికి రాదు.

ఫోన్‌లోని ఫైల్ యాప్‌లో డిస్కు కనిపించి లాప్‌టాప్‌లో కనిపించకపోతే డిస్కును వదిలేసి విండోస్‌ను చూడాలి. ముందు రన్ బాక్సులో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి రూటర్ అడ్రస్ ఇవ్వండి. అది తరచూ 192.168.1.1, జియోఫైబర్‌కైతే 192.168.29.1. నెట్‌వర్క్ జాబితాలో లేని డిస్కు ఇలా తెరుచుకోవడం మామూలే. తెరుచుకోకపోతే గొడవ ఎస్‌ఎంబీ దగ్గర ఉండొచ్చు. కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పద్ధతి అది. పాత రూటర్లు కొన్నింటికి దాని మొదటి వెర్షనే వచ్చు. 2017 మేలో వానాక్రై వైరస్ పాకింది ఆ వెర్షన్‌లోని లోపం పట్టుకునే. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 కొత్త విడుదల నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని మామూలుగా ఇవ్వడం మానేసింది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో అయితే పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్నీ ఒప్పుకోదు. కాబట్టి రూటర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి, డిస్కుకు యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. పాత ఎస్‌ఎంబీని తిరిగి ఆన్ చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. క్లయింట్ల పాన్, బ్యాంకు కాగితాలు ఉన్న లాప్‌టాప్‌లో ఆ పని చేయకండి. అప్‌డేట్ రాని రూటర్ అయితే డిస్కును ఇంట్లో ఉన్న మరో కంప్యూటర్‌కు పెట్టి అక్కడి నుంచి షేర్ చేయడమే మేలు.

డిస్కు పెట్టాక వైఫై నీరసించిందా? యూఎస్‌బీ 3 కేబుల్ నుంచి వచ్చే రేడియో గోల 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి అడ్డుపడుతుందని ఇంటెల్ 2012లోనే చెప్పింది. డిస్కును యాంటెనాలకు దూరం జరపండి, లాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి.

బాగుపడిందని వదిలేసే ముందు రూటర్ పేజీలో ఇంటర్నెట్ నుంచి డిస్కును తెరిచే సౌకర్యం, ఎఫ్‌టీపీతో సహా, ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. 2014లో అసుస్ రూటర్ల లోపాల వల్ల 12,900కు పైగా వినియోగదారుల డిస్కుల్లోకి బయటివాళ్లు చొరబడ్డారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వెల్లడించింది. క్లయింటుకు ఫైలు పంపాల్సి వస్తే ఆ ఒక్క ఫైలునే క్లౌడ్‌లో పెట్టి లింకు ఇవ్వండి. రూటర్ డిస్కులో ఉన్నదాని రెండో కాపీ వేరే డిస్కు మీద, ఆ డిస్కు దేనికీ తగిలించకుండా బీరువాలో ఉండాలి.