సెలవులో చేసిన పని: మిషనరీల స్వదేశ యాత్రలు, మన కథలు

బాగలూరు, హోసూరు, కృష్ణగిరి వైపు ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఇంట్లో పెద్దవాళ్ల నోట రెండు ఊళ్ల పేర్లు వస్తాయి. ఒకటి బెంగళూరు, రెండోది రాయవేలూరు. రాయవేలూరు ఆస్పత్రి ఎవరు కట్టించారు అని అడిగితే "ఎవరో దొరసాని అంట" అంటారు. నిజమే. మరి ఆ దొరసానికి అంత దుడ్డు ఎక్కడిది? అడిగి తెచ్చింది. ఎక్కడ అడిగింది, ఏం చెప్పి అడిగింది, అట్లా అడిగేటప్పుడు మన గురించి ఏం చెప్పింది? ఈ మూడు ప్రశ్నలూ తెలుగు చదివే మనకు అవసరమైనవే. ఎందుకంటే ఇది కథ చెప్పడానికి సంబంధించిన విషయం. మతం మంచిచెడ్డల చర్చలోకి ఈ వ్యాసం పోదు.

ఫర్లో అంటే ఏమిటి?

పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా నుంచో ఇంగ్లండు నుంచో ఇక్కడికి వచ్చిన మిషనరీ కొన్నేళ్లు పనిచేశాక స్వదేశానికి పోయి వచ్చేవాడు. దాన్ని 'ఫర్లో' అనేవారు. పేరుకు సెలవు. ఒంట్లో బాగులేక పోయేవాళ్లు, పిల్లల్ని అక్కడ చదువుకు దింపడానికి పోయేవాళ్లు ఎక్కువ. కానీ అక్కడ దిగాక ఊరికే కూర్చోవడానికి వీల్లేదు. ఒక ఊరి చర్చి నుంచి ఇంకో ఊరి చర్చికి తిరగాలి, మాట్లాడాలి, అడగాలి. మిషన్ ఖర్చులో పెద్ద భాగం అక్కడి రైతులు, దుకాణదారులు, బడిపంతుళ్లు, ఇంటి ఆడవాళ్లు వేసే చందాల నుంచే వచ్చేది. వాళ్లు మన ఊళ్లను చూసినవాళ్లు కారు. చూసి వచ్చిన మనిషి నోటి మాటే వాళ్లకు ఆధారం.

ఇందులో స్త్రీల సంఘాల పాత్ర పెద్దది. ఉదాహరణకు 1871లో బోస్టన్‌లో బాప్టిస్టు స్త్రీలు తమకంటూ ఒక విదేశీ మిషన్ సంఘం పెట్టుకున్నారు. ఇట్లాంటి సంఘాలు చిన్న చిన్న మొత్తాలు కూడబెట్టి, ఇక్కడి ఆడపిల్లల బడులకూ ఆడవాళ్ల వైద్యానికీ పంపేవి.

నెల్లూరు: మూతపడబోయిన పని

అమెరికన్ బాప్టిస్టులు తెలుగువాళ్ల మధ్య పని 1836లో మొదలుపెట్టారు. శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా మతంలో చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అమెరికాలో పెద్దలకు విసుగు పుట్టింది. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో నెల్లూరును వదిలేద్దామా అన్న చర్చ వచ్చింది. పటంలో బర్మా వైపు మిషన్ కేంద్రాలు చాలా ఉన్నాయి, ఇటు నెల్లూరు ఒక్కటే. దాన్ని ఎవరో 'ఒంటరి నక్షత్రం' అన్నారు. ఆ మాట పట్టుకుని శామ్యూల్ ఎఫ్. స్మిత్ అనే ఆయన రాత్రికి రాత్రే ఒక పద్యం రాశాడనీ, మర్నాడు అది విన్నాక సభ మనసు మారిందనీ ఆ మిషన్ చరిత్రలు చెబుతాయి. అమెరికాలో పేరున్న ఒక దేశభక్తి గీతం రాసింది కూడా ఈ స్మిత్తే. తర్వాత ఆ మిషన్ చరిత్ర రాసిన డేవిడ్ డౌనీ తన పుస్తకానికి ఆ నక్షత్రం పేరే పెట్టుకున్నాడు. సాహిత్య విద్యార్థులు గమనించాల్సింది ఇక్కడే: లెక్కలు చూపి మూసేద్దామన్న పనిని ఒక ఉపమానం నిలబెట్టింది.

గండం మళ్లీ వచ్చింది. 1862లో లైమన్ జ్యూయెట్ ఆరోగ్యం చెడి అమెరికా పోయాడు. అక్కడ అంతర్యుద్ధం నడుస్తోంది. నెల్లూరు ఊసు ఎత్తితే ఎవరూ ఉత్సాహం చూపలేదు. మీరు మానుకున్నా నేను ఒక్కడినే తిరిగి పోతాను, అక్కడే చస్తాను అనే అర్థం వచ్చేట్టు ఆయన మాట్లాడాడట. దాంతో పెద్దలు వెనక్కి తగ్గారు. 1865లో ఆయన తిరిగి వచ్చేటప్పుడు వెంట జాన్ క్లౌ అనే యువకుడు కూడా వచ్చాడు.

ఒంగోలు: అడగడం నేర్చిన మనిషి

క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. 1872లో స్వదేశం పోయినప్పుడు ఆయన మీద పెట్టిన బరువు చిన్నది కాదు. రామాయపట్నంలో బోధకులకు చదువు చెప్పే సెమినరీకి 50,000 డాలర్ల మూలనిధి కావాలి. 1873లో అమెరికాలో బ్యాంకులు కూలి జనం చేతిలో దుడ్డు ఆడని కాలం వచ్చింది. అట్లాంటి రోజుల్లోనూ ఊరూరా తిరిగి అడిగి 1874లో ఒంగోలుకు తిరిగి వచ్చాడు.

ఆ తర్వాత 1876–78 కరువు. ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరకాలని క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంటరి నక్షత్రం అన్న మాట, 2,222 అన్న అంకె. ఒకటి వినగానే జాలి పుడుతుంది, ఇంకొకటి నమ్మకం పుట్టిస్తుంది. సభలో చెప్పుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

రాయవేలూరు: ముగ్గురు ఆడవాళ్ల కథ

ఇప్పుడు మనకు దగ్గరి ఊరికి వద్దాం. ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో పుట్టింది. వాళ్ల తాత, నాన్న ఇద్దరూ మిషనరీ డాక్టర్లు. తనకు మాత్రం ఆ పని ఇష్టం లేదు. తిండివనంలో అమ్మానాన్నల దగ్గర ఉన్నప్పుడు ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమైంది. మా నాన్న డాక్టరు, ఆయన వస్తారు అంటే వాళ్లు ఒప్పుకోలేదు. పరాయి మగవాడు చూడకూడదన్నారు. తెల్లారేసరికి ముగ్గురూ చనిపోయారని ఆమెకు తెలిసింది. డాక్టరు కావాలని ఆ రోజే నిర్ణయించుకుంది.

1899లో అమెరికాలో వైద్యం చదువు పూర్తయింది. తిరిగి రాబోయే ముందు, వేలూరులో ఆడవాళ్ల ఆస్పత్రికి 8,000 డాలర్లు పోగు చేయమని మిషన్ ఆమెను అడిగింది. వయసు ముప్పై కూడా లేదు, ఇంకా పేరు రాలేదు. ఒక ఇంట్లో ఒకామెకు ఈ విషయం చెబుతుంటే పక్క గదిలో ఉన్న పెద్దాయన విన్నాడు. ఆయన పేరు షెల్, బ్యాంకు అధిపతి. మర్నాడు పిలిపించి, చనిపోయిన తన భార్య పేరుమీద 10,000 డాలర్లు ఇచ్చాడు. అట్లా 1902లో నలభై పడకల ఆస్పత్రి తెరుచుకుంది. 1918లో ఆడపిల్లల వైద్య పాఠశాల మొదలైంది.

చివరి పరీక్ష డెబ్బై ఏళ్ల వయసులో వచ్చింది. మద్రాసు ప్రభుత్వం కొత్త నిబంధన తెచ్చింది: వైద్య పాఠశాలలు డిగ్రీ కాలేజీ స్థాయికి ఎదగాలి. దానికి ఎంతో దుడ్డు కావాలి. 1941లో ఐడా మళ్లీ అమెరికా పోయి, యుద్ధం నడుస్తుండగానే ఏళ్లతరబడి ఊరూరా తిరిగింది. ఇక్కడొక చిక్కు వచ్చింది. కాలేజీ నిలబడాలంటే మగపిల్లల్నీ చేర్చుకోవడం తప్పదని తేలింది. ఆమెకు ఎన్నో ఏళ్లుగా నిధులు కూడబెట్టి ఇచ్చిన లూసీ పీబాడీ దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. ఆడవాళ్ల కోసమని ఆడవాళ్లు ఇచ్చిన దుడ్డు మగవాళ్లకు ఎట్లా పంచుతారు అన్నది ఆమె వాదం. ఐడా కాలేజీ బతకడమే ముఖ్యమనుకుంది. ఆడపిల్లల ఎంబీబీఎస్ 1942లో మొదలైంది, మగపిల్లలు 1947లో చేరారు. ఆడపిల్లల కాలేజీలో చదివే మనం ఈ గొడవను తేలిగ్గా తీసుకోలేం. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

ఈ కథల్లో ఏం పనిచేసింది?

మొదటిది, ఒక్క పని, ఒక్క లెక్క. దేశం బాగుపడాలి అని కాక, ఈ ఊళ్లో ఈ కట్టడానికి ఇంత అని అడిగారు. రెండోది, అడిగే మనిషి తన బతుకును పందెం పెట్టడం. జ్యూయెట్ మాటకు బలం వచ్చింది తాను తిరిగి పోతానన్నందుకే. మూడోది, వినేవాడి కళ్లముందు నిలిచే ఒక బొమ్మ. పటం మీద ఒక చుక్క, ఒక రాత్రి, మూడు చావులు.

ఈ కథల్లో ఏం జారిపోయింది?

ఆ ముగ్గురు ఆడవాళ్లు కథలో పేర్లతో లేరు. ఫలానా కులం, ఫలానా మతం అని మాత్రం ఉంది. ఆస్పత్రి మీద పేరు పడింది న్యూయార్కులో చనిపోయిన ఆమెది. ఎవరి చావు వల్ల ఈ కథ పుట్టిందో వాళ్ల పేర్లు ఎక్కడా పడలేదు.

ఇంకొకటి చూడండి. మద్రాసు వైద్య కళాశాల 1875లోనే ఆడవాళ్లను చేర్చుకుంది. ఘోషా పాటించే స్త్రీల కోసం 1885లో మద్రాసులో ఆస్పత్రి తెరిచారు. అంటే ఈ దేశంలో అసలేమీ లేని చీకటి కాదు, ఉన్నది తిండివనం లాంటి ఊళ్ల దాకా చేరలేదు. ఐడా చెప్పింది అబద్ధం కాదు. కానీ ఇరవై నిమిషాల ప్రసంగంలో చీకటికి ఉన్న చోటు, అప్పటికే వెలిగిన దీపాలకు ఉండదు.

ఒంగోలు కథలోనూ ఇంతే. క్లౌ పేరు అందరికీ తెలుసు. ఎర్రగుంట్ల పేరయ్య ఎంతమందికి తెలుసు? తోళ్ల వ్యాపారం చేసుకునే ఈ మాదిగ పెద్దమనిషి 1866లో బాప్తిస్మం తీసుకుని, ఊరూరా తన బంధువులకు తానే చెప్పుకుంటూ తిరిగాడు. ఆయన, ఆయనలాంటి బోధకులు నడిచిన దారి మీదే 2,222 అన్న అంకె నిలిచింది. క్లౌ భార్య ఎమ్మా 1899లో మాదిగల కథలతో ఒక పుస్తకం ప్రచురించింది. పేరయ్య లాంటివాళ్లను మరిచిపోకుండా రాసినందుకు ఆమెకు మనం రుణపడి ఉండాలి. అయినా అది ఇంగ్లీషు పుస్తకం, దూరదేశపు పాఠకుల కోసం రాసింది. మన వాళ్లు తెలుగులో చెప్పుకున్న మాటలు అచ్చులో ఇంగ్లీషుగా మారి కూర్చున్నాయి.

మనకు దీంతో ఏం పని?

తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి అయింది. తెలుగు ఇంట్లో మాట్లాడే పిల్లలకు తెలుగు చదువు ఎట్లా నిలబెట్టాలన్నది బాగలూరు వైపు ఇళ్లలో నిజమైన ప్రశ్న. రేపు మనలో ఎవరో ఒకరు ఒక తెలుగు గ్రంథాలయం కోసమో, సాయంకాలపు బడి కోసమో హోసూరు ఫ్యాక్టరీల తలుపు తట్టొచ్చు. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న తెలుగు సంఘాలను అడగొచ్చు. అప్పుడు అడిగేవాళ్లమూ మనమే, కథలో ఉండేవాళ్లమూ మనమే.

"మా వైపు తెలుగు చచ్చిపోతోంది, మేము దిక్కులేనివాళ్లం" అంటే జాలిపడి ఏదో కొంత ఇస్తారు. అంతటితో సరి. అట్లా చెబితే మూడు భాషల్లో బేరమాడే మన అమ్మలు, మన యాసలో కతలు చెప్పే అవ్వలు ఆ మాటల కింద కనబడకుండా పోతారు. ఎన్ని పుస్తకాలు కావాలి, ఎంతమంది పిల్లలున్నారు, ఎవరు చదువు చెబుతారు, ఇప్పటికే మేము ఏం చేశాం అని లెక్కతో చెబితే, ఇచ్చేవాళ్లు మనల్ని పనిలో భాగస్తులుగా చూస్తారు. ఎవరి కథ చెబుతున్నామో వాళ్లను ముందు అడిగి, ఒప్పుకుంటే పేరుతో చెప్పడం ఇంకా మంచిది.

చర్చకు మూడు ప్రశ్నలు

1. ఐడా స్కడర్, లూసీ పీబాడీ వాదంలో మీరు ఎవరి పక్షం? ఎందుకు?

2. తిండివనం రాత్రి కథను ఆ ముగ్గురిలో ఒకామె తల్లి చెబితే ఎట్లా ఉంటుంది? ఒక పేజీ రాయండి.

3. మన ఊరికి కావలసిన ఒక్క పని ఎంచుకోండి. దానికి సాయం అడుగుతూ పది వాక్యాలు రాసి, ఆ కథలో ఉన్నవాళ్లకే చదివి వినిపించండి. వాళ్లు వద్దన్న వాక్యం ఏదో, ఎందుకు వద్దన్నారో రాసుకుని రండి.