ముందు దరఖాస్తు, ఆ తర్వాతే వీడియో

కొబ్బరికాయ ఒలిచే మిషను కానివ్వండి, రొయ్యల చెరువులో తక్కువ కరెంటుతో తిరిగే ఏరేటర్ కానివ్వండి, యానాం నుంచీ, వంతెన అవతల కోనసీమ నుంచీ, కాకినాడ వైపు నుంచీ ఈ మధ్య లాయర్ల బల్లల మీదికి వస్తున్న ఇలాంటి ఫైళ్ళన్నిటిదీ ఒకటే కథ. బుర్ర ఉంది, పనితనం ఉంది, వస్తువు శుభ్రంగా పనిచేస్తోంది. పేటెంట్ మాత్రం వచ్చే దారి లేదు. కారణం ఎవరో దొంగిలించడం కాదు. దరఖాస్తు పెట్టకముందే కనిపెట్టినవారే వెల్డింగ్ షాపు ముందు నిలబడి వీడియో తీయించుకుని, ఏ ముక్క ఎక్కడ బిగించారో విడమరిచి చెప్పి యూట్యూబ్‌లో పెట్టారు. అదే వీడియో రైతుల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. ఆరు నెలలకి అలాంటి మిషనే ఇంకో పేరుతో బజారుకొచ్చింది. అప్పుడు గుర్తొస్తాడు లాయరు. ఇంత ఆలస్యంగా వచ్చి, "వాడి మీద కేసు వేయండి" అంటే, వేయడానికి చేతిలో హక్కంటూ ఏదైనా ఉండాలి కదా?

పేటెంట్ల చట్టం, 1970 అడిగేవి ముఖ్యంగా మూడు. వస్తువు కొత్తది కావాలి, ఆ పని తెలిసినవాడికి కూడా తేలిగ్గా తట్టనిది కావాలి, పరిశ్రమలో వాడుకకు పనికిరావాలి. చివరి రెండింటి మీద గంటలకొద్దీ వాదించవచ్చు. మొదటిదాని మీద వాదనకు చోటు తక్కువ, అది తేదీల లెక్క. గోదావరి రైతుకు బాగా తెలిసిన బ్యుటాక్లోర్ సంగతే చూడండి. వరి నాట్లయిన కొద్ది రోజులకే ఇసుకలో కలిపి చల్లే కలుపు మందు అది. దాని మీద తనకు పేటెంట్ ఉందని మాన్‌శాంటో కంపెనీ కోరమాండల్ ఇండాగ్ మీద దావా వేసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1968 నివేదికలో ఆ మందు ఫార్ములా, 1969 నివేదికలో దాని పేరు అచ్చయి ఉన్నాయి. మాన్‌శాంటో పట్టుకున్న పేటెంట్ తేదీ 1970. 1986లో కంపెనీ ఓడిపోయింది. అంత పెద్ద కంపెనీనే పాత నివేదికలు రెండు ముంచేస్తే, మన వీడియో మనల్ని ముంచదా?

"మా వీడియో చూసింది రెండు వందల మంది, అదేం లోకమంతా తెలిసినట్టా?" అంటారు. ఆ మాటకు ఇదే తీర్పులో జవాబుంది. రాసింది తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఒక సంగతి బహిరంగంగా తెలిసిందనడానికి కొనే జనమందరికీ తెలియనక్కర్లేదు, ఆ రంగంలో పనిచేసేవారికి తెలిస్తే చాలన్నది ఆయన చెప్పిన దాని సారాంశం. చెరువుల గ్రూపులో ఉన్న రెండు వందల మందీ ఆ రంగంవారే కదా! ఇంకో విడ్డూరం ఉంది. మీ దగ్గర తెలుసుకున్నవాడు మీ అనుమతి లేకుండా ఆ సంగతి అచ్చువేస్తే, మీరు తెలిసిన వెంటనే ఆలస్యం లేకుండా దరఖాస్తు పెట్టుకుంటే, 29వ సెక్షన్ మిమ్మల్ని కాపాడుతుంది. మీకు మీరే బయటపెట్టుకుంటే ఆ సెక్షన్ అక్కరకు రాదు. చట్టం దగ్గర దొంగ చేసిన నష్టానికి మందుంది, సొంత తొందరకు లేదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. ఏరేటర్‌ను చెరువులో తిప్పి చూడకుండా పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది, ఎవరికీ చూపించకుండా పెట్టుబడి ఎవరు పెడతారు? న్యాయమైన ప్రశ్నే. చట్టం దీన్ని ఆలోచించకపోలేదు. బయట నడిపితే తప్ప పరీక్షించలేని వస్తువును, కేవలం పరీక్ష కోసం, దరఖాస్తుకు ముందు ఏడాదిలోపు నడిపితే 32వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అది పరీక్షకే గాని అమ్మకానికీ ప్రచారానికీ కాదు. పది చెరువులకి అమ్మేసి "ట్రయల్ వేశాం" అంటే నమ్మేవారుండరు. పెట్టుబడిదారుకీ, ముక్కలు చేసిచ్చే లేతు షాపుకీ చూపించేముందు, సంగతి బయటికి పొక్కనివ్వమనీ, హక్కంతా కనిపెట్టినవారిదేననీ ఒప్పందం రాయించుకుని సంతకాలు తీసుకోవాలి. అంతకన్నా మేలైన దారి తాత్కాలిక వివరణతో ముందే దరఖాస్తు పెట్టడం. మామూలు వ్యక్తి ఆన్‌లైన్‌లో పెడితే ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు. యానాం పుదుచ్చేరిలో ఉన్నా, కాకినాడ ఆంధ్రలో ఉన్నా రెండింటికీ పేటెంట్ కార్యాలయం చెన్నైదే. దరఖాస్తు పెట్టిన రోజుతో తేదీ మీదవుతుంది, పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలలు దొరుకుతాయి. ఆ గడువు దాటితే దరఖాస్తు వదిలేసినట్టే లెక్క. "కొత్త రకం ఏరేటర్" అని నాలుగు ముక్కలు రాసి పెట్టినా లాభం లేదు. రెక్క వంపు ఎంత, గేరు ఎక్కడ, ఎందుకు కరెంటు తగ్గుతుందో అందులో ఉండాలి. రాయని ముక్కకు ఆ తేదీ దక్కదు.

ఇంత తేలిక దారి ఉండగా జనం పట్టుకునేవి మాత్రం వేరు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఐడియా రాసి నోటరీ ముద్ర వేయించడం, తనకు తనే పోస్టు చేసుకుని కవరు విప్పకుండా దాచుకోవడం, ఉద్యమ్ నమోదు సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించడం. వీటిలో ఏదీ పేటెంట్ కాదు. ఫలానా తేదీకి ఆ ఆలోచన మీ దగ్గర ఉందని చెప్పుకోవడానికి మొదటి రెండూ పనికొస్తాయేమో గాని, ఎదుటివాడి మిషను ఆపలేవు. అధికారుల సంగతి ఇంకా చిరాకు. స్థానిక ఆవిష్కర్తలంటూ పిలిచి, మేళాలో స్టాల్ ఇచ్చి, శాలువా కప్పి, ఫోటో పేపర్లకిస్తారు. "దరఖాస్తు పెట్టావా నాయనా" అని అడిగే అధికారి ఒక్కరు కనపడరు. ప్రదర్శనలకు 31వ సెక్షన్ పన్నెండు నెలల మినహాయింపు ఇస్తుంది, నిజమే. కాని అది కేంద్ర ప్రభుత్వం ఆ సెక్షన్ కింద గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనకే. స్టాల్ కట్టేముందు ఆ గెజిట్ ఏదని అడగండి, చూపిస్తే సంతోషం.

"చింతకింది మల్లేశం ముందు మిషను చేశాకే కదా పేటెంట్ తెచ్చుకున్నాడు" అని మరో వాదన. ఒక్కో పోచంపల్లి చీరకు తల్లి తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడించి ఆసు పోయడం చూడలేక, శారాజీపేట కుర్రాడు 1999లో లక్ష్మీ ఆసు యంత్రం నిలబెట్టాడు. పేటెంట్ 2011లో చేతికొచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. వార్తల్లో చదివే ఏడాది పేటెంట్ మంజూరైనది, హక్కు లెక్క మొదలయ్యేది దరఖాస్తు రోజు నుంచి. పైగా ఆయనకు జాతీయ ఆవిష్కరణల సంస్థ అండ దొరికింది. పల్లె ఆవిష్కర్తలకు ఆ తలుపు ఇప్పటికీ తెరిచే ఉంది, తట్టండి. పన్నెండేళ్ళ తేడా చూసి మనకూ తీరిక ఉందనుకోవడం మాత్రం ప్రమాదం.

అసలు ప్రతి మార్పుకూ పేటెంట్ రాదన్నదీ ఒప్పుకోవాలి. లేతు మీద ఇత్తడి పాత్రను పట్టి ఉంచే పద్ధతికి మీర్జాపూర్ సంస్థ ఒకటి 1951లో పెట్టిన దరఖాస్తుతో పేటెంట్ తెచ్చుకుంటే, 1978లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టలేదు. పనివాడు షాపులో మామూలుగా చేసుకునే మెరుగుదల కనిపెట్టడం కిందికి రాదంది. మీది ఆ కోవదైతే రూపానికి డిజైన్ నమోదు, పేరుకి ట్రేడ్‌మార్క్ చూసుకోండి. డిజైన్‌కూ ఇదే షరతు, ముందే బయటపెట్టిన రూపం చెల్లదు. ఏది వర్తిస్తుందో తేల్చుకునే వరకైనా ఫోను జేబులోనే ఉండనివ్వండి. చెన్నైకి దరఖాస్తు చేరి నంబరు వచ్చిన సాయంత్రం వీడియో తీసి పెట్టుకోండి, ఎన్ని గ్రూపులు తిరిగినా మీ తేదీ మీదే.