బెల్టు తెగినా బండి నడుస్తది, గదే పరేషాన్

దసరా ముంగట సింగరేణి లాభాల వాటా పైసలు బ్యాంకుల పడుడే ఆలస్యం, మన జైపూర్ నుంచి శ్రీరాంపూర్ దాక కాలనీలల్ల కొత్త బండ్లకు నిమ్మకాయలు కట్టుడు షురూ అయితది. కొత్తది ఇంటాయనకు. ఇన్నేండ్లు తిప్పిన పాత ఆల్టో మనకు. "నేర్చుకోనీకి గిదే మంచిగుంటది, ఏడన్న గీసుకపోయినా ఫికరు లేదు" అంటరు, అదేదో పెద్ద బహుమానం ఇచ్చినట్టు. 2024ల వాటా 33 శాతమని, మొత్తం 796 కోట్లని ప్రకటించినప్పుడు నాకైతే నవ్వొచ్చింది చెల్లె. మా పాత ఆల్టో ఇంజన్ సుత 796 సీసీనే. దాని అక్క మారుతి 800ది సుత గంతే. ఆ 800 అయితే 1983ల రోడ్డెక్కి, 2014 జనవరిల తయారీ బందైంది. బందైనా మన దిక్కు ఇంకా తిరుగుతనే ఉన్నయ్, పిల్లలను బడికి దింపుతనే ఉన్నయ్.

నీకు సుత మీ ఇంటాయన పాతదే ఇచ్చిండని విన్న. ఇచ్చినప్పుడు టైర్లు చూపెట్టిండా, చూపెట్టిండు. పెట్రోల్ ఎంత తాగుతదో చెప్పిండా, చెప్పిండు. బానెట్ లేపి బెల్టు చూపెట్టిండా? లేదు కదా. ఎవరూ చూపెట్టరు. అందుకే గింత ముచ్చట.

బానెట్ లేపి ఇంజన్‌కు ఒక పక్క కిందికి వంగి చూడు. నల్లటి రబ్బరు బెల్టు ఒకటి రెండు మూడు చక్రాల మీదికెళ్ళి చుట్టుకొని ఉంటది. మెకానిక్‌లు దాన్ని ఫ్యాన్ బెల్టు అంటరు. ఇంజన్ కింద తిరిగే చక్రం ఆ బెల్టును గుంజుతది. బెల్టు ఆల్టర్నేటర్‌ను తిప్పుతది, అంటే మనోళ్లు డైనమో అంటరు చూడు, బ్యాటరీకి కరెంటు నింపేది. మన పాత ఆల్టోలు, 800లు, పాత సాంత్రోలల్ల అదే బెల్టు వాటర్ పంపును సుత తిప్పుతది. ఆ పంపు తిరిగితేనే రేడియేటర్ల చల్లబడ్డ నీళ్లు ఇంజన్‌లకు పోయి, కాగిన నీళ్లు మళ్ల రేడియేటర్‌కు వస్తయ్. ఏసీ ఉన్న బండ్లకు మస్తు వాటిల్ల ఇంకో బెల్టు వేరేగ ఉంటది.

ఇప్పుడు అసలు సంగతి విను. ఈ బెల్టు తెగితే ఇంజన్ ఆగదు. టప్పుమని ఒక సప్పుడు వస్తది, కొన్నిసార్లు తెగిన ముక్క బానెట్ లోపట టపటప కొట్టుకుంటది, తర్వాత అంతా నిమ్మళం. గేరు పడుతది, యాక్సిలరేటర్ తొక్కితే బండి ఉరుకుతది. ముంగట డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మతోని చిన్న ఎర్ర లైటు ఒకటి వెలుగుతది, అంతే. ఆ బొమ్మ చూసి మనమేమనుకుంటం? బ్యాటరీదే కదా, ఇంటికి పోయినంక చూద్దాం తీ అనుకుంటం. ఇంజన్ పొట్టల నీళ్లు తిరుగుడు ఆగిపోయిందని ఆ లైటు చెప్పదు.

మా కాలనీల ఒక వదినెకు గట్లనే అయింది. మే నెల, మిట్టమధ్యాహ్నం, మన రామగుండం ఎండ నీకు తెలువందా, 45 దాటుతది. గోదావరిఖనిల పెండ్లికి పోయి వస్తున్నది. గంగానగర్ దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కంగనే ఎర్ర లైటు పడ్డదట. ఎనుక బొగ్గు టిప్పర్లు హారన్ కొడుతున్నయ్, బ్రిడ్జి మీద ఎట్ల ఆపాలె? నిజమే, ఆపలేం. బ్రిడ్జి దిగినంకనన్న ఆపితే అయిపోవు. బండి మంచిగనే నడుస్తున్నది కదా అని ఏసీ సుత బందు చెయ్యకుండ ఇందారం ఎక్స్ రోడ్డు దాక వచ్చింది, అక్కడికెళ్ళి జైపూర్ దిక్కు తిప్పింది. నడుమలనే బానెట్ సందులకెళ్ళి ఆవిరి లేచింది. ఇంజన్ హెడ్ వంకరపోయింది, కింద గ్యాస్కెట్ కాలిపోయింది. వందల్ల పోయేది వేలల్లకు పోయింది. దాని మీదికెళ్ళి ఇంట్ల మాటలు. "ఆడోళ్లకు బండిస్తే ఇంతే" అని. నాకు ఆ మాటకే కోపమొచ్చింది. బెల్టు ఎన్నేండ్లది అని అడిగితే ఆ ఇంటాయనకే తెలువది. బండి ఇచ్చినోడు బెల్టు మార్చకుండ ఇచ్చి, నడిపినామెను అనుడేంది?

మా ఇంటాయన సింగరేణి సీహెచ్‌పీల, అంటే కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటుల, బెల్టు ఆపరేటర్. బొగ్గు మోసే ఆ పెద్ద బెల్టు పక్కపొంటి పొడుగూతా ఒక తాడు కట్టి ఉంటది, పుల్ కార్డ్ అంటరు. బెల్టు పక్కకు జరిగినా, ఏదన్న ఇరుక్కున్నా, ఏ సప్పుడు తేడా వచ్చినా, ఎక్కడ నిలబడ్డోడు అక్కడికెళ్ళే తాడు గుంజుతడు, బెల్టు ఆగుతది. ఎందుకు ఆపినవ్ అని అడిగేది తర్వాత. ముందు ఆపుడే. "కారుల తాడు లేదు, తాళంచెవే తాడు" అంటడు ఆయన. మా ఇద్దరికి మస్తు వాటిల్ల పడది గని, గీ ఒక్క మాట మీద నేను ఆయన దిక్కే.

కాబట్టి ఎర్ర లైటు పడ్డదా, ముందు ఏసీ బందు, పాటలు బందు. ఎడమకు సిగ్నల్ ఇచ్చి రోడ్డు దిగి, టిప్పర్లు తాకకుండ ఆపు. ఇంజన్ బందు చెయ్యి. నాలుగు ఇండికేటర్లు ఎయ్యి, డిక్కీల ఎర్ర త్రికోణం ఉంటే వెనుకకు కొంచెం దూరంల పెట్టు. పిల్లలుంటే రోడ్డు దిక్కు తలుపు తియ్యనియ్యకు. ఎవరూ లేని తావు అయితే బండిల కూసొని తలుపులు పెట్టుకొని 112కు ఫోన్ చెయ్యి. జాతీయ రహదారి మీదుంటే 1033 సుత ఉంది. అక్కడ మొహమాటపడేది ఏం లేదు.

రేడియేటర్ మూత మాత్రం ముట్టకు. నీళ్లు పోద్దాం అని ఎవడో ఒకడు బాటిల్ పట్టుకొని వస్తడు, మంచోడే అయి ఉంటడు, వద్దను. కాగిన నీళ్లు ఒత్తిడి మీద ఉంటయ్, మూత తిప్పితే మొఖం మీదికి ఎగుస్తయ్. బండి మొత్తం చల్లబడాలె, ముట్టుకుంటే చెయ్యి ఆనాలె, అప్పుడు చూద్దాం. ఇంకొకడు హీటర్ ఫుల్లు పెట్టుకొని మెల్లగ పొమ్మంటడు. అది నీళ్లు తిరుగుతున్నప్పుడు పనిచేసే ఉపాయం. పంపే ఆగినంక హీటర్‌లకు వేడి నీళ్లు ఎక్కడికెళ్ళి వస్తయ్? ముందటి ఫ్యాన్ తిరుగుతున్నది కదా, ఏం గాదు అని సుత అనుకోకు. మన బండ్లల్ల ఆ ఫ్యాన్ కరెంటుతోని తిరుగుతది, బెల్టు తెగినా తిరుగుతది. గాలి కొడుతనే ఉంటది, లోపట నీళ్లు నిలిచి మరుగుతనే ఉంటయ్.

బానెట్ లేపే ముందు ఒక్క పని చెయ్యి చెల్లె. చున్నీ తీసి సీట్ల పెట్టు. చీరె అయితే కొంగు నడుముకు దోపు, జడ ముడెయ్యి. ఇంజన్ నడుస్తుంటే వంగి చూడకు. బందు చేసినా కొన్ని బండ్లల్ల వేడికి ఫ్యాన్ దానంతట అదే తిరుగుడు మొదలువెడుతది. బొగ్గు బెల్టు కాడ పనిచేసేటోళ్లకు వదులు బట్టలు వద్దని రోజూ చెప్తరు. మనకు చెప్పేటోళ్లు లేరు.

తెగిన బెల్టు జాగల నైలాన్ మేజోళ్లు ముడేసి బండి నడిపిన కథలు దేశదేశాల ఉన్నయ్. ఎవరో మా చెల్లెకు ఫోన్ల చూపెట్టిండ్రు, చున్నీతోని సుత అయితదంట. లోతు గాడి ఉన్న పాతకాలం చక్రం మీద కొంచెం దూరం ఈడ్చిందేమో గని, సన్న సన్న గీతల వెడల్పు బెల్టు నడిచే చక్రం మీద ముడి నిలువది. పైగ ఊడిన గుడ్డ పోయి ఇంకో బెల్టుల చుట్టుకుంటే ఉన్నది సుత పోతది. బొగ్గు బెల్టు తెగితే క్లిప్పులు కొట్టి, రబ్బరు కాల్చి జాయింట్ వేస్తరు. కారు బెల్టుకు జాయింట్ లేదు. కొత్తదే.

అన్ని బండ్లు ఒక్కతీరు ఉండవు అనేది సుత గుర్తుంచుకో. తెగింది ఏసీ బెల్టు ఒక్కటే అయి, అది వేరేగ ఉంటే, ముక్క తీసేసి చెమట కార్చుకుంట ఇంటికి పోవచ్చు. అన్నిటికీ ఒకటే బెల్టు ఉన్న బండి అయితే అడుగు కదలొద్దు. ఆయిల్‌తోని నడిచే పవర్ స్టీరింగ్ ఉంటే అది రాయి లెక్క బరువైతది, గుంజితే తిరుగుతది గని బలం పెట్టాలె. పాత డీజిల్ బండ్లది ఇంకో తీరు. కొన్నిటికి బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనుకనే ఉంటది. బెల్టు తెగితే రెండు మూడు తొక్కుళ్ల తర్వాత బ్రేకు గట్టిపడుతది. మీ మరిది డీజిల్ బండి తెచ్చిండంటివి కదా, ఆయనకు చెప్పు.

టైమింగ్ బెల్టు అని ఇంకోటి ఉంది, అది లోపట మూత కింద ఉంటది, బయటికి కనవడది. అది తెగితే ఇంజన్ అక్కడికక్కడే ఆగుతది. మళ్ల మళ్ల సెల్ఫ్ కొట్టొద్దు, లారీ మీద ఎక్కించుడే.

మన దిక్కు బెల్టులు తొందరగ ఎందుకు పోతయ్ అంటవా? ఎండకు రబ్బరు ఎండుతది. బొగ్గు దుమ్ము, పెగడపల్లి పవర్ ప్లాంటు దిక్కు తిరిగే బూడిద లారీల దుమ్ము పోయి చక్రాల గాడిల కూసుంటది, రాపిడికి బెల్టు లోపలి అంచు నున్నగ అయితది. మొన్న మాది మార్పించినప్పుడు పాతదాన్ని చేతిల పట్టుకొని చూసిన. పైకెళ్ళి చూస్తే ఏ లోపం లేదు. లోపలి దిక్కు తిప్పి వంచిన, అడ్డంగ పగుళ్లు నోరు తెరిచినయ్, వానలు లేని చెరువు లెక్క. పక్క అంచులు అద్దం తీరు మెరుస్తున్నయ్, ఒక కాడ దారం పోగు బయటికొచ్చి వేలాడుతున్నది. అట్ల మెరిసేది మంచిగున్నట్టు గాదు, పట్టు పోయినట్టు. పొద్దుగాల బండి షురూ చేయంగనే కీచుమని అరిచి, రెండు నిమిషాలకు ఊకుంటది చూడు, అది ఆ నునుపు సప్పుడే. దానికి సబ్బు రుద్దుతరు, పౌడర్ చల్లుతరు. అరుపు ఆగుతది, రోగం ఆగది.

మెకానిక్ కాడికి పోతే బెల్టు ఎక్కించి పంపుతడు. నువ్వు ఒక్క ప్రశ్న అడుగు, "అన్నా, గిది ఎందుకు తెగింది?" అని. ముసలిదై తెగితే సరే. ఆల్టర్నేటర్ బేరింగో, వాటర్ పంపు బేరింగో పట్టేసి తెగితే కొత్తది సుత నెలల తెగుతది. బెల్టు తీసినప్పుడు ఆ చక్రాలను చేత్తో తిప్పుమను. గరగర అనొద్దు, పక్కకు ఊగొద్దు. మీదికెళ్ళి ఆయిల్ కారుతుందేమో చూడుమను, ఆయిల్ పడ్డ రబ్బరు ఉబ్బి జారుతది. బిగింపు సుత నువ్వే చూసుకో. ఇంజన్ బందు పెట్టి, రెండు చక్రాల నడుమ బెల్టును బొటనవేలితోని గట్టిగ నొక్కితే సెంటీమీటరుకు కొంచెం అటిటు దిగాలె. వదులైతే జారుతది, మరీ బిగిస్తే బేరింగులు తింటది. కొత్త బెల్టు కొన్ని రోజులకు సాగుతది, మళ్ల ఒక్కసారి బిగించాలె. చానమంది గీ రెండోసారి పోరు.

పాత బెల్టును మెకానిక్ కాడ పారేయనియ్యకు. చేతిల పట్టుకొని మంచిర్యాలల స్పేర్ పార్టుల దుకాణానికి పో. వీపు మీద నంబర్ అచ్చేసి ఉంటది. చెరిగిపోతే బండి పేరు, ఏ సంవత్సరంది, ఏసీ ఉందా లేదా చెప్పు. ఒకటి బండికి, ఒకటి డిక్కీల స్టెప్నీ పక్కకు, కవర్ల చుట్టి పెట్టు. నంబర్ కాగితం మీద రాసి అండ్లనే ఉంచు. రోడ్డు మీద ఏ చిన్న మెకానిక్ దొరికినా పని చెయ్యొస్తది, బెల్టే దొరకదు చిన్న ఊర్లల్ల.

ఎక్కించుడు సుత బ్రహ్మవిద్య గాదు. ఆల్టర్నేటర్ రెండు బోల్టులు వదులు చేసి లోపలికి నెట్టి, బెల్టు చక్రాల మీద వేసి, బయటికి గుంజి పట్టుకొని బిగించుడే. వచ్చే ఆదివారం ఎండ ఎక్కకముందే బండేసుకొని మా ఇంటికి రా. పానాలు మా ఇంటాయనయి, చాయ్ సుత ఆయనే పెడుతడు. బిగించుడు మాత్రం మనిద్దరం చేద్దాం.