కథకుల మధ్య వ్యాసం పెట్టి చూడండి

చిత్తూరులో కథలు రాసే పిల్లలు కొందరు నెలకొకసారి కూర్చుంటున్నారు. ఎవరో ఒకరు కథ చదువుతారు, మిగిలినవాళ్లు 'బాగుంది' అంటారు, టీ తాగి లేచిపోతారు. చర్చ పుట్టడం లేదు, ఏం చెయ్యాలో చెప్పండని నన్నడిగారు. తిరుపతిలో ఇలాంటి కూటాల్లో చానా ఏళ్లు కూర్చున్నవాణ్ని కాబట్టి నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

కథ మీద కాకుండా కథల గురించిన ఒక వ్యాసం మీద కూర్చోండి. కథను ముందు పెట్టుకుంటే రాసినవాడు ఎదురుగా ఉంటాడు. మొహమాటం సగం మంది నోళ్లు మూయిస్తుంది, పాత కోపాలు మిగతా సగం మంది నోళ్లు తెరిపిస్తాయి. వ్యాసమైతే అక్కడున్న ఎవరికీ దెబ్బ తగలదు. కథ ఎట్లా రాయాలన్న మాట మాత్రం తప్పకుండా వస్తుంది.

1. తగువు లేని వ్యాసం తేవద్దు

మన పత్రికల్లో కథల మీద వచ్చే వ్యాసాలు ఎక్కువ భాగం పరిచయాలే. సమాజానికి అద్దం పట్టారంటారు, ఆపకుండా చదివించాయంటారు. అందులో ఒప్పుకోవడానికీ ఏమీ ఉండదు, కాదనడానికీ ఉండదు. చర్చకు పనికొచ్చే వ్యాసం ఏదో ఒక పక్షం వహించాలి. చదివినవాడికి కనీసం ఒక పేరా దగ్గరైనా ఒళ్లు మండాలి.

ఈ విద్య మన జిల్లాకు కొత్తదేమీ కాదు. చిత్తూరును ఆనుకుని ఉన్న కట్టమంచి మనిషి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదువుకుని వచ్చి, 1914లో 'కవిత్వతత్త్వ విచారము' అచ్చు వేయించాడు. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ చాన్సలర్ అయింది ఆయనే. ఆ పుస్తకంలో పింగళి సూరన ప్రబంధం కళాపూర్ణోదయాన్ని ముందు పెట్టుకుని, కథ అల్లిక ఎట్లా ఉంది, పాత్రల నడత వాటి స్వభావానికి తగ్గట్టుందా, వర్ణనలు కథకు సాయం చేస్తున్నాయా, అడ్డం పడుతున్నాయా అని అడిగాడు. ప్రబంధాలను చదువుకుంటూ పోవడమే తప్ప వాటిని ఇట్లా నిలదీయడం అలవాటు లేని పండితులు మండిపడ్డారు. నూరేళ్లు దాటింది. ఇప్పటికీ ఆ పుస్తకంలోని నాలుగు పేజీలు కథకుల ముందు పెట్టి, 'నీ కథలో వాన వర్ణన ఎందుకుంది?' అని అడిగి చూడండి. కవిత్వం మీద రాసిన పుస్తకమే గాని, ఆయన వెతికింది కథకుడికి కావలసిన సరుకు. భాష పాతది, కుర్రవాళ్లు మొదట మూలుగుతారు. మూలగనివ్వండి.

2. వ్యాసం పక్కన కథ ఉండాలి

ఒట్టి సిద్ధాంతం మీద చర్చ పెడితే రూపం, సారం, నిబద్ధత అంటూ పెద్ద మాటలు గాలిలో తిరుగుతాయి. ఎవరూ ఓడరు, ఎవరూ గెలవరు. వ్యాసంతో పాటు కథో, నవలలో ఒక అధ్యాయమో అందరి చేతుల్లో ఉంటే ఆ మాటలు కిందికి దిగుతాయి. 'ఏదీ, ఆ మాటకు ఈ కథలో వాక్యం చూపించు' అంటే చాలు.

కథకులకు ఈ పనికి నేను మొదట చెప్పేది వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి 'కథాశిల్పం'. మదనపల్లె బి.టి. కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెప్పిన మనిషి. ఆ పుస్తకానికి 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. క్లాసులో పాఠం చెప్పినవాడి రాత కాబట్టి అర్థం కాని పేజీ ఉండదు. ఆయనతో ఒప్పుకోని పేజీలు మాత్రం ప్రతివాడికీ దొరుకుతాయి. దృష్టికోణం గురించి ఆయన చెప్పింది చదివి, వెంటనే నామిని 'మిట్టూరోడి కథలు'లో ఒకటి చదవండి. ఇందులో కథ చెప్పే పిల్లవాడికి ఎంత తెలుసు? వాడికి తెలియనిది మనకెట్లా తెలుస్తా ఉంది? ఈ ఒక్క ప్రశ్న మీద సాయంత్రం గడిచిపోవడం నేను చూశాను.

3. మన దగ్గర ఎప్పుడూ ఆరని తగువు: కథ ఏ భాషలో చెప్పాలి

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను. ఉమ్మడి చిత్తూరు జిల్లా కథకులకు ఇంతకన్నా మంచి చర్చ లేదు.

ఇద్దరు మనుషులు, ఒకే జిల్లా. డాక్టర్ కేశవరెడ్డి తలపులపల్లెలో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆస్పత్రిలో డాక్టరుగా పని చేస్తూ మన ఊళ్ల గురించి నవలలు రాశాడు. 'అతడు అడవిని జయించాడు'లో ఒక ముసలి పందుల కాపరి తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ రాత్రిపూట అడవిలోకి పోతాడు. మనుషులు మాట్లాడితే ఊరి మాటే మాట్లాడతారు గాని, కథ చెప్పే గొంతు మాత్రం నిదానంగా, గంభీరంగా, పుస్తకాల తెలుగులో నడుస్తుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తిరుపతి పక్కన మిట్టూరు మనిషి. 'పచ్చ నాకు సాక్షిగా'లో సంభాషణే కాదు, కథనమంతా వాళ్లమ్మ మాట్లాడే భాషలోనే ఉంటుంది.

యాస మీద ఒక వ్యాసం తీసుకుని, దాని పక్కన ఈ రెండు పుస్తకాల నుంచి చెరో పేజీ పెట్టండి. ఇక మీరు చెయ్యాల్సిన పని ఉండదు. 'అడవిలో ఒంటరిగా ఉన్న ముసలాయన మనసు అంత మంచి తెలుగులో ఎట్లా ఆలోచిస్తాది సామీ?' అని ఒకరంటారు. 'ఆ మాటలు ముసలాయనవి కావు, చెప్పేవాడివి. వాడు దూరంగా నిలబడ్డాడు కాబట్టే ఆ రాత్రి అంత పెద్దదిగా కనపడతా ఉంది' అని ఇంకొకరు. నామిని పేజీ దగ్గరికొచ్చేసరికి కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చిన వాళ్లెవరో తమకు సగం అర్థం కాలేదంటారు. కోస్తా కథలు చదివి మాకు అర్థం కాలేదని మేమెప్పుడైనా అన్నామా అని పాకాల ఆయన లేస్తాడు. పలమనేరు నుంచి వచ్చినవాళ్లు మా మాటలో కన్నడం కలుస్తుంది, నగరి వాళ్లు మా మాటలో అరవం కలుస్తుంది, ఏది చిత్తూరు యాసో ముందు తేల్చండంటారు.

ఇంతవరకు వచ్చాక నేనైతే చర్చ ఆపి కాగితాలు పంచుతాను. నామిని పేరా ఒకటి పత్రికల తెలుగులోకి, కేశవరెడ్డి పేరా ఒకటి మిట్టూరు మాటలోకి మార్చి రాయమంటాను. ఓ పావుగంట చాలు. మార్చినవి చదివినప్పుడు ఎంత పోయిందో, ఎక్కడ పోయిందో చెవికే తెలిసిపోతుంది. నామిని పేరాలో ఆకలి, అప్పు, అమ్మ అన్నీ ఉంటాయి, నవ్వు ఒక్కటి మాయమవుతుంది. కేశవరెడ్డి పేరాలో అడవి చిన్నదైపోతుంది. ఈ ఇద్దరిలో ఎవరి దారి మంచిదని నన్నడిగితే, ఎవరి కథకు వారి దారే అంటాను. కుర్రవాళ్లకు ఆ జవాబు నచ్చదు, తప్పించుకుంటున్నానంటారు. నిజానికి వాళ్లు ఆ రోజు ఇంటికి పోయి రాసే కథలో కథనం ఏ మాటలో ఉండాలో తేల్చుకుంటే చాలు.

4. ఊరు ప్రేమించే రచయిత మీద విమర్శ చదివించండి

మధురాంతకం రాజారాం మొగరాలలో పుట్టి, దామలచెరువులో ఉంటూ, బడి పంతులుగా పని చేస్తూ వందల కథలు రాశాడు. 1993లో ఆయన కథలకు అకాడమీ బహుమతి వచ్చింది. 1999లో పోయాడు. ఈ జిల్లాలో ఆయన పేరెత్తితే చేతులు జోడించేవాళ్లున్నారు. మరి ఆయన కథల్లో మంచితనం ఎక్కువ, కష్టాలు చివరకు మనుషుల మంచితనంతోనే తీరిపోతాయి అనే మాట కూడా ఉంది. ఆ మాటనే గట్టిగా వాదించే వ్యాసం తెచ్చి, పక్కన 'హాలికులు కుశలమా' పెట్టండి. అభిమానులు ఊరుకోరు. ఊరుకోకూడదు కూడా. రాజారాం కథలు కంఠతా వచ్చిన పెద్దవాళ్లు, ఎప్పుడూ నోరెత్తనివాళ్లు, ఆ రోజు కథలు ఏకరువు పెట్టి వాదిస్తారు. తీరా చూస్తే ఆయన కథలు ఒక్కటీ చదవని కుర్రవాళ్లు పుస్తకం అడిగి తీసుకుపోతారు.

5. సార్లు చివర మాట్లాడాలి

తిరుపతిలో ఒక చిక్కుంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది, మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చింది. ఎక్కడ నలుగురు కూర్చున్నా అందులో ఒకాయన ప్రొఫెసరు. సార్ మొదట మాట్లాడారంటే తక్కినవాళ్లంతా 'సార్ చెప్పినట్టు' అని మొదలుపెడతారు. అంతటితో చర్చకు నీళ్లొదులుకోవాల్సిందే. కాబట్టి వయసులో చిన్నవాళ్లు ముందు, కొత్తగా వచ్చినవాళ్లు వాళ్లకంటే ముందు, పెద్దలు ఆఖర్న. ఈ నియమం మొదటి రోజే చెప్పెయ్యండి. వేదిక వద్దు, మైకు వద్దు. శాలువా అసలే వద్దు, కప్పించుకున్నాయన మళ్లీ దాని గౌరవానికి తగినంత సేపు మాట్లాడాలి కదా.

ఆడపిల్లలు వస్తున్నారంటే వాళ్లు కూర్చున్న వైపు నుంచి మొదలుపెట్టండి. చివరకు వదిలేస్తే హాస్టలు గేటు వేళ అయిందని వెళ్లిపోతారు, వాళ్లు చదివి తెచ్చిన మాట మీకు దక్కదు.

6. 'మీ అభిప్రాయం చెప్పండి' అనకండి

ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పరు. వ్యాసంలో మీకు అస్సలు మింగుడుపడని వాక్యం ఏది? పక్కనున్న కథలో ఏ పేరా తీసేస్తే నష్టం లేదు? ముగింపు ఇంకో పేజీ ముందే ఆగి ఉంటే? ఇట్లా అడగండి. వేలు పెట్టి చూపించగలిగేదే అడగాలి.

7. కరుకుదనం వేరు, చదువు వేరు

మన పక్క జిల్లా కడపలో రాచమల్లు రామచంద్రారెడ్డి (రారా) 1968లో 'సంవేదన' పత్రిక పెట్టి, పెద్ద పేర్లను కూడా లెక్క చెయ్యకుండా తూచి చెప్పాడు. రారా వ్యాసం ఏది తెచ్చినా చర్చ రగులుతుంది, అనుమానం లేదు. కాకపోతే కూటంలో ఒకరిద్దరు ఆయన గొంతు అరువు తెచ్చుకుంటారు. ఆయన ప్రతి మాటకూ వెనక రచనలోంచి వాక్యం తీసి చూపిస్తాడు, దాన్ని మాత్రం తెచ్చుకోరు. అట్లాంటివాళ్లను గదమాయించక్కర్లేదు. 'ఎన్నో పేజీ?' అని అడగండి, సర్దుకుంటారు.

8. చర్చ కథ దాటి పోతే పోనివ్వండి, కొంతసేపు

కేశవరెడ్డి నవల 'మునెమ్మ' వచ్చినప్పుడు పత్రికల్లో జరిగిన వాదం గుర్తున్నవాళ్లుంటారు. భార్యకూ ఎద్దుకూ మధ్య ఏదో ఉందని అనుమానించే మొగుడు, ఎద్దును అమ్మడానికి పోయి హత్యకు గురి కావడం, అదే ఎద్దును వెంటబెట్టుకుని హంతకుల కోసం బయల్దేరే మునెమ్మ. ఇది స్త్రీ పక్షాన రాసిన నవలా, మొగుడి కోసమే బతికే పాత ఇల్లాలి కథా? ఎద్దు చేసే పనులు నమ్మాలా, మాయా వాస్తవికత అని సరిపెట్టుకోవాలా? ఈ వాదం మొదలైతే మనుషులు తమ ఇళ్ల సంగతులు చెప్పుకుంటారు, గొంతులు లేస్తాయి. నడిపేవాడు భయపడి వెంటనే ఆపకూడదు. కథ దాటి పోయే చర్చే కథకుడికి రేపటి కథ. కొంతసేపయ్యాక మాత్రం, ఈ కథ చెబుతున్నది సినబ్బ కదా, ఆ కుర్రవాడు లేకపోతే ఇదే కథ ఎట్లా ఉండేది అని అడిగి మళ్లీ పేజీల్లోకి లాక్కురావాలి.

9. టీ మధ్యలో, బస్సు చివర్లో

టీ చివర ఇస్తే చర్చ టీతో ముగిసిపోతుంది. మధ్యలో ఇస్తే అందరి ముందు మాట్లాడనివాళ్లు గ్లాసు పట్టుకుని పక్కవాళ్లతో మాట్లాడతారు. ఆ మాటనే తరువాత అందరి ముందు చెప్పించవచ్చు. పీలేరు, పుత్తూరు వాళ్ల ఆఖరి బస్సు వేళ కనుక్కుని ముగించండి.

10. రాసి పెట్టండి

ఎవరేమన్నారో ఒకరు రెండు పేజీల్లో రాయాలి. పేర్లతో సహా రాస్తే నోరు జారేవాళ్లు కొంచెం ఆలోచించుకుంటారు. అమెరికాలో డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ వాళ్లు 1998 నుంచి పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుని మాట్లాడుకుంటున్నారు. అన్ని వేల మైళ్ల అవతల ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లకు వీలైనప్పుడు మనకెందుకు వీలు కాదు?

ఆ రెండు పేజీలు చదివాక, ఒప్పుకోని మనిషి ఒకరుంటారు. వచ్చే నెలకు ఆయన్నే జవాబు వ్యాసం రాయమనండి. కథలు మాత్రమే రాసేవాళ్లు వ్యాసం చేతకాదంటారు. రాయించండి. తన కథలో తాను ఎప్పుడూ పట్టించుకోని తప్పు, ఇంకొకరి కథ మీద వ్యాసం రాసేటప్పుడు కథకుడి కంట పడుతుంది. ఎవరూ రాయకపోతే దామలచెరువు నుంచి మధురాంతకం నరేంద్ర వేసిన 'కథావార్షిక' సంపుటాల్లో ఒకటి తీసుకుని, ఆ ఏడాదికి ఇవే మంచి కథలా అని అడగండి. ఏ సంకలనం చూసినా దాని మీద తగువు పడనివాడు కథకుడు కాడు.

చిత్తూరు పిల్లలకు ఒక మాట. మొదటి నెలకు 'కథాశిల్పం'లో దృష్టికోణం గురించిన పేజీలు, పక్కన నామిని కథ ఒకటి పెట్టుకోండి. జిరాక్సులు వారం ముందే అందరికీ ఇవ్వండి. చదవకుండా వచ్చేవాళ్లు ఎలాగూ ఉంటారు, వాళ్ల కోసం ఆ కథ గట్టిగా చదివి మొదలుపెట్టండి.